అనకాపల్లి వెళ్ళి అదే మందు తెచ్చుకున్నాం

బయల్దేరే ముందు

అనకాపల్లి పేరు చెప్తే ఎవరైనా బెల్లం సంగతే అడుగుతారు. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా వీధి వాళ్ళు కూడా "బెల్లం ఎలా ఉందే?" అనే అడుగుతున్నారు. ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఊరంతా బెల్లపు వాసన పీల్చుకుంటూ తిరిగి, ఒక్క పలుకు నోట్లో వేసుకోకుండా వచ్చిన దాన్ని. ఆ ముచ్చట మా అత్తగారిని అడగాలి. ఆవిడ తన వంతూ నా వంతూ కలిపి తిన్నారు.

నేను వెళ్ళింది వైద్యానికి. అదీ ఆడవాళ్ళ జబ్బుకి. ఇలాంటివి అచ్చులో రాయడమేమిటని కొందరు ముక్కు మీద వేలేసుకుంటారు. వేసుకోనివ్వండి. నాలాగే దొడ్డివైపు గదిలో చాప మీద పడి ఉన్నవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు, వాళ్ళ కోసం రాస్తున్నాను.

మా బుజ్జి పుట్టిన ఏడాదికి నాకు నెలసరి గాడి తప్పింది. అందరికీ మూడు రోజుల్లో అయిపోయేది నాకు పది రోజులు, పక్షం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మాది మడీ ఆచారం గట్టిగా ఉన్న ఇల్లు. ఆ రోజుల్లో దొడ్డివైపు గదిలో ఉండాలి. చాప వేరు, కంచం వేరు, చెంబు వేరు. ఏదైనా ఇవ్వాలంటే కింద పెట్టి వాళ్ళు దూరంగా జరిగితే మనం తీసుకోవాలి. మూడు రోజులైతే అదో విశ్రాంతి. నిజం చెప్పాలంటే హాయి కూడాను, వంటింటి పొగ తప్పుతుంది. నెలలో సగం రోజులు అక్కడే అంటే మాత్రం మనిషి ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా?

అసలు బాధ బుజ్జిది. దానికిప్పుడు నాలుగో ఏడు. నన్ను ముట్టుకుంటే దాని గౌను తడపాలి, నీళ్ళు పోయాలి, చలికాలం జలుబు చేస్తుంది. అందుకని నా దగ్గరికి రాకుండా అలవాటు చేశారు. అలవాటైపోయింది. గుమ్మం అవతల నిలబడి కబుర్లు చెప్తుంది గాని ఇవతలికి రాదు. నేను తలకి పోసుకుని ఇంట్లోకి వచ్చిన రోజుల్లో కూడా కొత్త చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది. దాని నోట నా పేరు గదమ్మ. గదిలో ఉండే అమ్మ కనక గదమ్మ. మొదటిసారి విన్నప్పుడు అందరం నవ్వాం. రెండోసారి నాకు నవ్వు రాలేదు.

పట్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ చూశారు. కణితి లాంటివేమీ లేవనీ, రక్తం బాగా తగ్గిపోయిందనీ చెప్పి టానిక్కు రాసిచ్చారు. అది తాగితే కాస్త ఓపిక వచ్చింది గాని గది తప్పలేదు. అప్పుడు మా వారి స్నేహితులొకరు అనకాపల్లి వైద్యులుగారి సంగతి చెప్పారు. ఉత్తరం రాస్తే పోస్టులో మందు వచ్చింది. చూర్ణం పొట్లాలు, కషాయానికి అశోక చెట్టు బెరడు, లొద్దుగ చెక్క. దసరా నుంచి వాడాం. మా అత్తగారు ఆ మందుని కొలిచినట్టు ఏ దేవుణ్ణీ కొలిచి ఉండరు. తెల్లవారకముందే నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టతో, దానికోసమని కొన్న కొత్త కుండలో కషాయం కాచేవారు. కుండ దేవుడి గూటి పక్కనే ఉండేది. ఇంత చేసినా మాఘమాసం వచ్చేసరికి నా జబ్బు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

"ఈ మందు పడలేదేమో. వెళ్ళి నాడి చూపించుకుంటే ఇంకో మందు ఇస్తారు" అన్నారు మా వారు. ఆయనకి బడి సెలవు దొరకలేదు. "కాశీ వెళ్ళొచ్చినదాన్ని, అనకాపల్లి వెళ్ళలేనా?" అని మా అత్తగారు ట్రంకుపెట్టె సర్దేశారు. పిల్లని చూసుకోవడానికి ఆవిడ చెల్లెలు వచ్చారు. నేను తలకి పోసుకున్న మర్నాడే మంచిదని ప్రయాణం పెట్టారు. ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియని మనిషిని, ఇంకో వారం చూస్తే ఎలా?

ఆడవాళ్ళ పెట్టెలో

నిడదవోలులో రైలెక్కాం. యుద్ధం అయిపోయిందన్న మాటే గాని రైళ్ళలో జనం తగ్గలేదు. ఆడవాళ్ళ పెట్టెలో కూడా ట్రంకుల మీద ట్రంకులు, వాటి మీద పిల్లలు. గోదావరి వంతెన మీదికి రాగానే మా అత్తగారు కిటికీలోంచి కానీ డబ్బు నీళ్ళలోకి విసిరి, చేతులు జోడించి, "తల్లీ, నా కోడలు ఇంట్లోకి వచ్చేలా చూడు" అని పైకే మొక్కుకున్నారు. ఎదురు బల్ల మీద వాళ్ళు నన్ను ఎగాదిగా చూశారు. అలిగి పుట్టింటికి పోయిన కోడలిననీ, అత్తగారు బతిమాలి తీసుకెళ్తున్నారనీ అనుకున్నట్టున్నారు. అందులో ఒకావిడ సామర్లకోటలో దిగుతూ, "పెద్దావిడ అంత బతిమాలుతుంటే వెళ్ళకూడదుటమ్మా" అని నాకు బుద్ధి కూడా చెప్పింది. నేను సరేనన్నాను.

తునిలో ఒకావిడ పెద్ద మూటతో ఎక్కి నా పక్కన ఇరుక్కుని కూచుంది. యాభై ఏళ్ళుంటాయి. ముక్కుకి రెండు వైపులా పుడకలు, చేతినిండా వెండి మురుగులు. పేరు సత్తెమ్మ. అనకాపల్లిలో గవరపాలెం, మునగపాక వైపు చెరుకు తోట ఉందట. తునిలో చెల్లెల్ని చూసి వెళ్తోంది. ఇదంతా నేను అడక్కుండానే చెప్పింది.

సరిగ్గా అక్కడే నా ఖర్మ మొదలైంది. నడుములో పోటు వచ్చిందంటే నాకు ఇంక అనుమానం ఉండదు. మా అత్తగారి చెవిలో చెప్పాను. ఆవిడ ఒక్క ఉదుటున లేచారు. ఒక చేత్తో పులిహోర బుట్ట, ఇంకో చేత్తో మందు సంచి. వైద్యులుగారికి చూపించడానికని మిగిలిన పొట్లాలు, బెరడు అందులో పెట్టుకొచ్చాం. "మందు నీకు తగల్లేదు కదా?" అని అడిగారు. తగల్లేదన్నాను. ఇక ఆవిడ కూచోడానికి చోటేదీ? ఎటు కూచున్నా ఎవరో ఒకరు నాకు తగులుతూ ఆవిడకీ తగులుతారు. అందుకని బుట్ట, సంచి గుండెకి హత్తుకుని తలుపు దగ్గర నిలబడిపోయారు, అరవై ఏళ్ళ మనిషి.

"ఆయమ్మ ఏటి అలా నిలబడిపోనాది? సోటు ఉంది కదా" అంది సత్తెమ్మ.

మెల్లిగా సంగతి చెప్పాను. సత్తెమ్మ నా వైపు, తలుపు వైపు చూసి, "ఇంతేనేటి" అంది. "మా ఇళ్ళల్లో ఆ మూడ్రోజులూ దేవుడి మూలకెల్లం. అంతే. పొలం కెల్తాం, గానుగు కెల్తాం. ఇంట్లో కూకుంటే సెరుకెవులు నరుకుతారమ్మా?"

నాకు ఆ మాట విని కొంచెం అసూయే కలిగింది. ఆవిడ కాళ్ళ పగుళ్ళు చూశాక అది కొంచెం తగ్గింది. వాళ్ళకి విశ్రాంతి లేదు, నాకు విశ్రాంతి తప్ప ఇంకేం లేదు. వైద్యులుగారి పేరు చెప్తే సత్తెమ్మ మొహం విప్పారింది. "మా కోడలికి ఆరిచ్చిన మందే. ఆరి అక్క, అప్పగారని ఉన్నాది, ఆయమ్మే అన్నీ అడుగుతాది. సిగ్గుపడకుండా సెప్పు."

యలమంచిలి దాటేదాకా మా అత్తగారు నిలబడే ఉన్నారు. ఆవిడ కాళ్ళు వాచిపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. కోపం రావలసిన చోట జాలి వచ్చింది. ఆవిడ నిలబడింది నా మందు కోసం కదా.

సత్రం గుమ్మంలో

అనకాపల్లి స్టేషన్లో దిగగానే మొదట తగిలేది వాసన. ఆ రోజుల్లో చెరుకు ఆడుతున్నారు. ఎటు చూసినా బెల్లం దిమ్మల బళ్ళు. మా గోదావరి వైపు ధాన్యం బళ్ళు ఇలా బారులు తీరతాయి గాని ధాన్యానికి ఇంత వాసన ఉండదు. బళ్ళ వెనక ఈగలూ, ఈగల వెనక పిల్లలూ.

జట్కా కట్టించుకుని సత్రానికి వెళ్ళాం. గుమస్తా మర్యాదస్తుడే. ఊరూ పేరూ అడిగి, గది చూపించబోతూ, "ఆడవాళ్ళకి ఏమీ ఇబ్బంది లేదు కదండీ?" అని రివాజుగా అడిగాడు. లేదంటే సరిపోయేది. మా అత్తగారికి అబద్ధం రాదు. ఉన్నదున్నట్టు చెప్పేశారు. అతను మొహం మాడ్చుకుని, లోపల నిత్యం వంటలూ పూజలూ జరుగుతాయి కనక వీల్లేదని చేతులు జోడించాడు. నేను చెట్టు కింద, ఆవిడ గుమ్మంలో, ట్రంకుపెట్టె మధ్యలో. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో ఒక గదైనా ఉంది, ఇక్కడ అదీ లేదు.

అంతలో సత్తెమ్మ స్టేషన్నుంచి నడుచుకుంటూ అటే వస్తోంది. మమ్మల్ని చూసి మూట దించింది. "మా పంచ ఖాళీగానే ఉన్నాది. రండమ్మా. మీ వంట మీరే సేసుకోండి, నాను ముట్టుకోను" అంది మా అత్తగారితో. ఆవిడ క్షణం ఆలోచించారు. నా మొహం చూశారు. "పద" అన్నారు.

గవరపాలెం పంచ

సత్తెమ్మ ఇల్లు పెంకుటిల్లు. ముందు పొడుగాటి పంచ, పక్కన పశువుల సాల. మా అత్తగారు పంచ సగం పేడనీళ్ళతో అలికి తన భాగం చేసుకున్నారు. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వేశారు. మిగతా సగం నాది. మధ్యలో గీత గీయలేదు గాని గీసినట్టే ఉంది.

సత్తెమ్మ కోడలు కొత్త బెల్లం, చెరుకు రసం తెచ్చి పెట్టింది. రసం పచ్చిది కనక మా అత్తగారు పుచ్చుకున్నారు. బెల్లం కూడా పుచ్చుకున్నారు. "ఇదా బెల్లమంటే" అని ఇంకో ముక్క పుచ్చుకున్నారు. నన్ను మాత్రం వైద్యులుగారు చూసేదాకా తీపి ముట్టొద్దన్నారు.

ఇక్కడి వాళ్ళు అన్నంలోకి ఉలవచారు అడుగుతారు, మేం పప్పు అడిగినట్టు. పొద్దున్నే రాగులతో కాచిన చోడి అంబలి తాగుతారు. మా వైపు అంబలి అంటే జ్వరం మనిషికి పోసేది. సత్తెమ్మ అంబలి తాగి గానుగ దగ్గరికి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. అంత బలం ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దామని నేనూ కొంచెం అడిగి తాగాను. పుల్లగా, చల్లగా బాగుంది. మా అత్తగారు చూడనట్టు మొహం తిప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్న ఆవిడ కొత్త పేచీ పెట్టారు. నేను తలకి పోసుకున్నాకే వైద్యులుగారి ఇంటికి వెళ్ళాలట. ఆయన పూజ చేసుకునే మనిషి, మందుల ఇల్లు, మైలతో గుమ్మం ఎక్కకూడదట. నా తలస్నానం ఎప్పుడో దేవుడికే తెలియాలి. ఆవిడే వెళ్ళి ఆ మాట చెప్పివస్తానని సత్తెమ్మ వెంట బయల్దేరారు. కాసేపటికి తిరిగొచ్చారు, మొహం ముడుచుకుని.

"నిన్ను ఇప్పుడే రమ్మంటున్నారు" అన్నారు. "తలకి పోసుకుని రావడానికి ఇదేమైనా పేరంటమా అంది ఆ అప్పగారు."

గడప మీద అప్పగారు

వైద్యులుగారి ఇంటికి దొడ్డివైపు వేరే గుమ్మం ఉంది. ఆ రోజుల్లో వచ్చేవాళ్ళు అటునుంచే రావాలి. లోపల పొడుగాటి వసారా, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అప్పటికే కూచుని ఉన్నారు. నాలాంటి వాళ్ళే. వాళ్ళని చూడగానే సగం జబ్బు తగ్గినట్టయింది. ఇన్నాళ్ళూ ఈ లోకంలో నేనొక్కదాన్నే అనుకున్నాను.

అక్కడి పద్ధతి చెప్తాను, మీకు నవ్వు రావచ్చు. వైద్యులుగారు హాల్లో కూచుంటారు. మనం వసారాలో. మధ్య గడప మీద ఆయన అప్పగారు. ఆవిడ పెద్ద మనిషి, చేతిలో విసనకర్ర. ఆయన ఒక ప్రశ్న అడుగుతారు. మనకి శుభ్రంగా వినిపిస్తుంది. అయినా జవాబు చెప్పకూడదు. అప్పగారు అదే ప్రశ్న మనల్ని అడుగుతారు. మనం చెప్తే ఆయనకీ శుభ్రంగా వినిపిస్తుంది. అయినా ఆయన ఆగుతారు. అప్పగారు అటు తిరిగి మళ్ళీ చెప్తారు. పరాయి మగాడితో ఈ మాటలు మాట్లాడామన్న మాట ఎవరికీ రాకుండా ఈ ఏర్పాటు. మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయాను. కాసేపటికి అది ఎంత సుఖమో తెలిసింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు కూడా నోరు పెగలని నేను, ఆ విసనకర్ర వైపు చూస్తూ అన్నీ చెప్పగలిగాను.

చెప్పగలిగేదాన్నే, మా అత్తగారు చెప్పనిస్తే. ప్రతి ప్రశ్నకీ ఆవిడే ముందు అందుకున్నారు.

నాడి చూడడానికి అప్పగారు నా మణికట్టు మీద పట్టు గుడ్డ కప్పారు. పట్టుకి మైల అంటదు కదా. వైద్యులుగారు తలుపు చాటు నుంచి చెయ్యి చాచి, గుడ్డ మీదుగా మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు ఉన్నారు. తర్వాత ప్రశ్నలు.

"ఆకలి ఎలా ఉందో అడుగప్పా."

"ఆకలి ఎలా ఉందమ్మా?"

"ఏం తింటుందండీ, పిచ్చిక తిన్నట్టు తింటుంది" అన్నారు మా అత్తగారు.

"నిద్ర?"

"నిద్రేం పడుతుందండీ, పిల్ల మీదే ధ్యాస."

"మందు క్రమం తప్పకుండా పడుతోందా?"

ఇక్కడ మా అత్తగారి గొంతు లేచింది. ఇది ఆవిడ పరీక్ష. "ఒక్క పూట తప్పలేదండీ. మడి కట్టుకుని, తడిబట్టతో, నా చేత్తో నేను కాచి ఇస్తున్నాను. కుండ దేవుడి గూటి పక్కనే పెడుతున్నాను."

అప్పగారు అది తమ్ముడికి చెప్పారు. ఆయన మెచ్చుకున్నట్టు ఊ అని, "రక్తం పోయే రోజుల్లో పాలతో ఇస్తున్నారా, బియ్యం కడుగుతోనా?" అన్నారు. అప్పగారు ఆ ప్రశ్న ఇటు తెచ్చారు.

"ఆ రోజుల్లోనా?" అన్నారు మా అత్తగారు. "రామ రామ, ఆ రోజుల్లో మందెలా ముట్టిస్తానండీ? మడి కుండ కదా. బయట ఉన్న మనిషికిస్తే మందు గుణం పోదూ? తలకి పోసుకుని ఇంట్లోకి వచ్చాక మళ్ళీ మొదలుపెడతాను."

అప్పగారి విసనకర్ర ఆగిపోయింది. ఆవిడ ఈసారి ఆ జవాబు అటు తిప్పి చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆయన విన్నారు. తర్వాత ఆయన, గడపనీ పద్ధతినీ దాటి, నేరుగా మా అత్తగారితోనే మాట్లాడారు.

"అమ్మా, నేను పంపిన మందు ఆ రోజుల కోసమేనండి. రక్తం కట్టడానికి. అది ఆగిన రోజుల్లో ఇచ్చి, పోతున్న రోజుల్లో మానేసేరు."

నాకు దసరా నుంచి జరిగినదంతా ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది. కుండ దేవుడి దగ్గర, నేను గదిలో. మందు, జబ్బు ఒకదాన్నొకటి ఎప్పుడూ కలవనే లేదు. ఆవిడకే కాదు, నాకూ తోచలేదు, మా వారికీ తోచలేదు. గదిలో ఉన్నప్పుడు మందు అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మా ఇళ్ళల్లో ఆ రోజుల్లో ఆడది మంచినీళ్ళే అడిగి పుచ్చుకోవాలి, మందెవరు అడుగుతారు?

"అయితే మందు మారుస్తారా?" అని నేనే అడిగాను, అప్పగారిని చూస్తూ.

"ఎందుకమ్మా మార్చడం? ఇంకా వెయ్యనేలేదు కదా" అన్నారు లోపల్నుంచి. "ఇవాళ్టి నుంచే వెయ్యండి. కారం, నువ్వులు, కొత్త బెల్లం మానిపించండి. రెండు మూడు నెలలు చూడండి. అప్పటికీ తగ్గకపోతే మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళండి, నేను కూడా అదే చెప్తాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. నా జబ్బు మందుకి లొంగని జబ్బనీ, ఇక ఆ గదే నా ఇల్లనీ లోపల్లోపల అనుకుంటూ వచ్చాను. లొంగదని ఎవరు చెప్పారు? మందు దానికి ఎదురే పడలేదు.

సాయిబుగారి కొట్టు

వైద్యులుగారు ఇచ్చిన పొట్లాలు కాక, బెరడు కొంచెం బజార్లో సాయిబుగారి మూలికల కొట్లో కొనుక్కోమన్నారు. సాయిబుగారు బెరడు తూచి, ఎందుకో అడక్కుండానే తెలుసుకుని, లోపలికి కేకేసి బీబీని పిలిచారు. తెర పక్కకి జరిపి ఆవిడ మా అత్తగారిని లోపలి అరుగు మీద కూచోమంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

మా అత్తగారికి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉన్నట్టుంది. "ఆ రోజుల్లో మీరు మందు పుచ్చుకుంటారా అమ్మా?" అని అడిగారు.

"మాకూ ఆ రోజుల్లో నమాజు లేదు, ఉపవాసం లేదు. కురాను ముట్టుకోం" అంది బీబీ. "మందు ఎందుకు మానేస్తాం? మందు నమాజు కాదు కదమ్మా."

మా అత్తగారు పొట్లం తీసుకుని లేచారు. ఆ పూట వంట చేశారు గాని తినలేదు. సత్తెమ్మ వచ్చి "తినండమ్మా" అంటే, "నా చేత్తోనే చేశాను సత్తెమ్మా. పొద్దున్నే లేచి, చన్నీళ్ళు పోసుకుని మరీ చేశాను" అన్నారు. సత్తెమ్మ పక్కన కూచుని, "కావాలని సేసేరేటి? రేపట్నుంచి పోస్తే సాలు" అంది. మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. నేను పంచ అవతలి సగంలో కూచుని ఉన్నాను. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే ఆవిడ మళ్ళీ స్నానం చెయ్యాలి. అందుకని ఊరుకున్నాను.

పైనుంచి పోసిన కషాయం

మర్నాటి నుంచి మందు మొదలైంది. ఆవిడ మనసు ఒప్పుకుంది గాని చెయ్యి ఇంకా ఒప్పుకోలేదు. నేను గిన్నె పట్టుకుని కూచోవాలి. ఆవిడ నిలబడి, పొడుగు గరిటెతో అంత ఎత్తునుంచి కషాయం పోస్తారు. మొదటిరోజు గురి తప్పి సగం నా చేతి మీద పడింది. వేడివేడిది. నేను గిన్నె వదిలేశాను. ఆవిడ "అయ్యో తల్లీ" అని రెండడుగులు ముందుకొచ్చి, ఆగిపోయారు. సత్తెమ్మే వచ్చి చేతికి వెన్న రాసింది. రాస్తూ మా అత్తగారి వైపు ఒక చూపు చూసింది.

ఆ తర్వాత కషాయం చల్లారాక పోశారు. రుచి మాత్రం చెప్పుకోకూడదు. చేదు, వగరు కలిసి నాలుక పిడచ కట్టినట్టుంటుంది. చుట్టూ అంత బెల్లం ఉండి నోరు తీపి చేసుకోడానికి వీల్లేదు. పక్కన మా అత్తగారు గానుగ నుంచి వచ్చిన పాకం రుచి చూస్తూ, "నీకు పథ్యం కదా" అనేవారు. అది నిజంగా జాలో, కాదో ఇప్పటికీ నాకు అనుమానమే.

కొద్దిరోజులకే తగ్గింది. ఒక పొద్దున్న లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. నేను నమ్మలేదు. సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. మర్నాడు చెప్తే మా అత్తగారు సత్తెమ్మ చేత పెద్ద కుండెడు నీళ్ళు తెప్పించి, కుంకుడుకాయలు కొట్టి ఇచ్చారు. తలకి పోసుకుని ఆ పంచ రెండో సగంలోకి వెళ్ళి కూచున్నాను. ఇంత తొందరగా ఇటు వైపు కూచోవడం ఎన్నాళ్ళయిందో.

బయల్దేరే రోజు బజార్లో ఏటికొప్పాక లక్కపిడతలు అమ్ముతున్నారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. పొయ్యి, కుండ, చట్టి, గరిటె, తిరగలి, అన్నీ బొటనవేలంత. ఆరణాలు చెప్పి నాలుగణాలకిచ్చాడు. బుజ్జికని కొన్నాను. సత్తెమ్మ మా అత్తగారి కొంగున ఒక బెల్లం ముద్ద కట్టింది. "కోడలికి పెట్టకండి, మీరు తినండి" అంది. "ఈసారి మందుకి గాదు, ఊరికే రండి." మా అత్తగారు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. పట్టుకున్నాక గుర్తొచ్చినట్టుంది. అయినా వదల్లేదు.

ఇల్లు

ఇంటికొచ్చి ఇప్పటికి కొన్ని నెలలైంది. మొదటి నెల పక్షం కాలేదు, వారం దాటింది. తర్వాత అదీ తగ్గింది. ఇప్పుడు అందరికీ అయినట్టే అవుతోంది. మొహంలోకి రంగు వచ్చిందని చూసినవాళ్ళంతా అంటున్నారు. మందు అదే. బెరడూ అదే. కుండ మాత్రం దేవుడి గూటి దగ్గర్నుంచి దొడ్డివైపు గుమ్మం పక్కకి వచ్చింది.

అన్నిటికంటే చెప్పవలసింది మొదటి నెల సంగతి. ఊరు నుంచి వచ్చాక మళ్ళీ నేను గదిలోకి చేరిన రోజు. బుజ్జి అలవాటుగా గుమ్మం అవతల కూచుని లక్కపిడతలతో వంట చేస్తోంది. మా అత్తగారు కషాయం గిన్నె తెచ్చారు. గరిటె తేలేదు. కింద పెట్టి జరుగుతారని నేను ఆగాను. ఆవిడ జరగలేదు. గుమ్మం దాటి లోపలికొచ్చి, గిన్నె నా చేతిలో పెట్టి, కాలిన చోట మచ్చ ఉందేమోనని నా చెయ్యి తిప్పి చూశారు.

బుజ్జి వంట ఆపేసింది.

"నానమ్మా, నువ్వు గదమ్మని ముట్టేసుకున్నావు."

మా అత్తగారు తన చేతికేసి చూసుకున్నారు.

"ముట్టుకున్నానే" అన్నారు ఆవిడ. "మీ అమ్మ కదా. నువ్వూ వెళ్ళు."

బుజ్జి ఒకసారి నానమ్మనీ, ఒకసారి నన్నూ చూసింది. నిజమేనని రూఢి చేసుకున్నాక లక్కపిడతలన్నీ గౌనులో పోసుకుని గుమ్మం దాటింది. వచ్చి నా ఒళ్ళో కూచుని, బొటనవేలంత గరిటెతో నా గిన్నెలోంచి కషాయం ముంచి, "అమ్మా, నోరు తెరు" అంది. నేను తెరిచాను. అంత చేదు మందు నేనెప్పుడూ అంత ఇష్టంగా తాగలేదు.

"ముగ్గురికీ నీళ్ళు పెట్టాలి ఇక" అని గొణుక్కుంటూ మా అత్తగారు దొడ్లోకి వెళ్ళారు. ఆ పూట మా ఇంట్లో పెద్ద కాగు నిండా నీళ్ళు కాగాయి.